చిలక ముద్ర

మనం కొనని టికెట్టు మన చేతికొస్తే ముందు దాన్ని వెలుతురుకెత్తి చూడాలి. ముప్పై ఒక్క ఏళ్లు రైళ్లలో టికెట్లు తనిఖీ చేసి రిటైరైనవాణ్ణి. పెన్షన్‌తో పాటు నాకు మిగిలిన అలవాటు అది. అందుకే ఎనభై అయిదులో మా చెల్లెలు సుగుణ అమెరికా నుంచి విమానం టికెట్టు పంపి, "అన్నయ్యా, ఒక్క నెల వచ్చి వెళ్లు" అని రాసినప్పుడు నాకు సంతోషం కంటే ముందు అనుమానం వచ్చింది. పదేళ్లుగా అక్కడే ఉంది. ఒక్కసారి కూడా రమ్మనలేదు. ఇప్పుడే ఎందుకు?

జవాబు పది రోజుల్లో ఇంకో కవరులో వచ్చింది. రాసినాయన బెంజమిన్ గారు. సుగుణ ఉండే పార్సిప్పనీ ఊళ్లోనే, తెలుగు క్రైస్తవ కుటుంబాలను ఆదివారం సాయంత్రాలు తన ఇంట్లో కూర్చోబెట్టి ప్రార్థన నడిపే పెద్దమనిషి. వందనాలు, వాక్యాలు అయ్యాక అసలు సంగతి నాలుగు ముక్కల్లో రాశారు. "సిస్టర్ సుగుణ గారు ప్రతి గురువారం సాయంత్రం న్యూఆర్క్‌లో ఒక డాన్సు హాలుకు వెళ్తున్నారు. ఆడవాళ్లూ మగవాళ్లూ జంటలుగా పట్టుకుని చేసే డాన్సు. మీరు పెద్దవారు. తెలియాలని రాశాను."

సుగుణ నర్సు. అప్పటికి దానికి నలభై మూడేళ్లు. భర్త ప్రకాశం గుండె ఆగి పోయి ఏడేళ్లు, పిల్లలు లేరు. అమ్మానాన్న ఎప్పుడో పోయారు కాబట్టి దానికి పెద్ద దిక్కు నేనే. నెలకోసారి ట్రంకాల్ మాట్లాడుకునేవాళ్లం. "గురువారం మాత్రం బుక్ చేయకన్నయ్యా" అనేది. నైట్ డ్యూటీ కాబోలనుకుని ఊరుకున్నాను. నా భార్య రత్నం బెంజమిన్ గారి ఉత్తరం రెండుసార్లు చదివి, "నిప్పు లేందే పొగ రాదు. అవసరమైతే వెంటబెట్టుకొచ్చెయ్యండి" అంది. చీరాలలో రైలెక్కేటప్పటికే ఆ తీర్పు నా జేబులో ఉంది.

పార్సిప్పనీలో నడిచేవాళ్లు లేరు

విమానం గురించి చాలామంది రాశారు, నేను రాయను. కెనడీ విమానాశ్రయంలో సుగుణ నన్ను చూసి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. కళ్లు తుడుచుకుంటూనే దాని వెనకాల ఎవరైనా నిలబడ్డారేమో చూశాను. ఎవరూ లేరు.

పార్సిప్పనీ ఊరంటే ఊరు కాదు. ఒకే రకం ఇళ్ల బారులు, మధ్యలో పచ్చిక, చుట్టూ కార్లు. మర్నాడు పొద్దున్నే అలవాటు కొద్దీ పాలప్యాకెట్టుకని నడుచుకుంటూ బయల్దేరాను. మార్చి నెల చలి, రోడ్డంచున ఇంకా మురికి మంచు. ఫర్లాంగు నడిచానో లేదో ఒక కారు ఆగింది. అందులో తెల్లజుట్టావిడ అద్దం దించి, "మీ కారు చెడిపోయిందా? సాయం కావాలా?" అనడిగింది. లేదు, నడుస్తున్నానన్నాను. ఆవిడ నమ్మలేదు. ఆవిడ నన్ను నమ్మనందుకు నేనూ ఆవిణ్ణి నమ్మలేదు. పాలు తెచ్చాను గానీ డబ్బా దాదాపు నాలుగు లీటర్లు, ఇంటికొచ్చేసరికి చెయ్యి పడిపోయింది. ధర చూస్తే మన రూపాయల్లో రెండు వారాల పాలు.

సుగుణ డ్యూటీకెళ్లాక ఇల్లు తనిఖీ చేశాను. సిగ్గుపడే పనే, కానీ చేశాను కాబట్టి రాస్తున్నాను. బీరువాలో చీరలు, నర్సు బట్టలు, బైబిలు, ప్రకాశం ఫోటో. అడుగున ఒక గుడ్డసంచి. సంచిలో నల్లని జోడు. తిప్పి చూస్తే అడుగు భాగం నున్నగా లేదు, దువ్విన దూడ చర్మంలా మెత్తగా నూగు లేచి ఉంది. అలాంటి అడుగుతో రోడ్డు మీద నడవలేరు. పాత అడుగు తీసేసి కొత్తది వేసి కుట్టారు. ఆ కుట్టు చూసి ఒక్క నిమిషం అన్నీ మర్చిపోయాను. దారం కనబడనంత దగ్గర దగ్గరగా, ఒక్కచోట కూడా పక్కకి జరగని కుట్టు. మంచి పని చూస్తే మెచ్చుకోకుండా ఉండలేను. మెచ్చుకుని మళ్లీ సంచిలో పెట్టేశాను.

ఆ సాయంత్రం అడగాలా వద్దా అని నేను మథనపడుతుంటే అదే చెప్పింది.

"గురువారాలు నేను డాన్సుకెళ్తానన్నయ్యా. బ్రెజిల్ వాళ్లూ, స్పానిష్ వాళ్లూ కలిసి చేసుకునే సోషల్ నైట్. ఏడింటికి మొదలవుతుంది, పదింటికల్లా అయిపోతుంది. ఈ గురువారం నువ్వూ రా, నేనే డ్రైవ్ చేసి తీసుకెళ్తా."

దాచేవాళ్లకంటే, సంచి తనంతట తాను విప్పి చూపించేవాళ్లతోనే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలని మా రైల్వేలో ఒక నమ్మకం. నాకు అనుమానం తగ్గలేదు సరికదా ఇంకాస్త పెరిగింది.

బెంజమిన్ గారి గ్యారేజీ

ఆదివారం సాయంత్రం ప్రార్థన బాగా జరిగింది. పన్నెండు మంది పెద్దవాళ్లు, పిల్లలు. కీర్తనలు మనవే, రాగం మనదే. పిల్లలు మాత్రం "స్తోట్రం" అని నోట్లో వేడి బంగాళాదుంప పెట్టుకున్నట్టు పలుకుతున్నారు. తర్వాత అట్ట పళ్లాల్లో కోడికూర, అన్నం, డబ్బాలోంచి తీసిన గోంగూర పచ్చడి. గోంగూర కోసం ఒకావిడ నా పక్కన నిలబడి ఎదురుచూసిన తీరు చూస్తే జాలేసింది.

భోజనాలయ్యాక బెంజమిన్ గారు నన్ను గ్యారేజీలోకి తీసుకెళ్లారు. అక్కడ మగవాళ్లు రహస్యాలు గ్యారేజీల్లోనే మాట్లాడుకుంటారట.

"అన్నగారూ, నేను జడ్జి చేయట్లేదండీ. బట్ మన కమ్యూనిటీ చిన్నది. నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారు. అక్కడ ఒక మనిషంటూ ఉండి ఉంటాడు కదండీ? లేకపోతే ప్రతి వారం అంత దూరం ఎందుకు డ్రైవ్ చేస్తారు?"

"మీరు ఎప్పుడైనా ఆ హాలు చూశారా?" అనడిగాను.

"అయ్యో, నేనెందుకు వెళ్తానండీ!" అన్నారాయన, నేనేదో బూతు మాట అన్నట్టు.

చూడకుండా ఇంత తెలిసిన మనిషి మీద కూడా నాకు కాస్త అనుమానం వచ్చింది. అయినా ఆ మాట మాత్రం మనసులో పడిపోయింది. ఒక మనిషంటూ ఉండి ఉంటాడు. ఆ మనిషిని నేను పట్టుకోవాలి.

న్యూఆర్క్, మొదటి గురువారం

న్యూఆర్క్ పార్సిప్పనీలా కాదు. మనుషులు నడుస్తారు, అరుస్తారు, వీధి మీద చేపల వాసన వస్తుంది. నాకు ప్రాణం లేచొచ్చింది. చేపల దుకాణం పక్క మెట్లెక్కితే పైన పొడుగాటి హాలు. మెట్ల చివర గుమ్మంలో ఒక బల్ల, బల్ల వెనక ఒక మనిషి.

యాభై ఏళ్లుంటాయి. చామనఛాయ, నెరిసిన ఉంగరాల జుట్టు, ముక్కు మీదకి జారిన కళ్లద్దాలు. ఒక్కొక్కరి దగ్గరా ప్రవేశ రుసుం తీసుకుని, ఎడమ చెయ్యి వెనక రబ్బరు ముద్ర వేస్తున్నాడు. చిలక బొమ్మ ముద్ర. సుగుణ ఇద్దరికీ కలిపి డబ్బిచ్చింది. నేను చూడ్డానికే వచ్చాను, డాన్సుకి కాదు, నాకెందుకు అన్నాను. ఆయన నవ్వలేదు, వాదించలేదు. "లోపలికి వచ్చేవాళ్లందరికీ ముద్ర ఉంటుంది సార్" అని విరిగిన ఇంగ్లీషులో చెప్పి నా చెయ్యి పట్టుకుని చిలకను వేశాడు. నాకు ఆ మనిషి వెంటనే నచ్చాడు. స్టేషను మాస్టరు బావమరిదైనా సరే టికెట్టు అడిగే రకం. ఆయన పేరు ఒస్మార్ అని, బ్రెజిల్ మనిషని సుగుణ చెప్పింది. హాలు మొత్తం మీద నేను నమ్మదలచుకున్న మనిషి అతనొక్కడే.

మిగతావాళ్ల సంగతి వేరు. ఎదురైన ప్రతివాళ్లూ బుగ్గకి బుగ్గ ఆనించి పలకరించుకుంటున్నారు. మొదటి గంట పాఠం. తర్వాత రికార్డులు. కాసేపు స్పానిష్ పాటలు, డోలక్ మీద డోలక్ పడ్డట్టు; కాసేపు బ్రెజిల్ పాటలు, అకార్డియన్‌తో. అకార్డియన్ అంటే మన హార్మోనియాన్ని గుండెకి కట్టుకుని వాయించే రకం. సుగుణ నా చెవిలో ఇక్కడి పద్ధతి చెప్పింది. "ఒకరితో ఒక పాట, మహా అయితే రెండు. అవగానే థాంక్స్ చెప్పి మారాలి. ఎవరడిగినా ఊరికే కాదనకూడదు. ఆడవాళ్లు కూడా అడగొచ్చు." అని చెప్పి నల్లజోడు వేసుకుని వెళ్లిపోయింది.

మంచి ఏర్పాటే, నేరస్థులకి. అందరూ అందరితో తిరుగుతుంటే అసలువాడెవడో ఎలా తెలుస్తుంది? నేను గోడవార కుర్చీలో కూర్చుని జేబు డైరీ తీసి రిజర్వేషన్ చార్టులా గీతలు గీశాను. పేర్లు తెలియవు కాబట్టి గుర్తులు: మీసాలు, బట్టతల, ఎర్రచొక్కా, తాటిచెట్టు. సుగుణ ఎవరితో ఒక పాట చేస్తే వాడి గడిలో ఒక టిక్కు.

తినడానికి గుండ్రంగా పునుగుల్లాంటివి పెట్టారు. కర్రపెండలం పిండిలో చీజు కలిపి కాలుస్తారట. వేడిగా బాగున్నాయి, పచ్చిమిరపకాయ ఒక్కటి తగిలితే ఇంకా బాగుండేవి. పక్కనే ఉన్న ముక్క నోట్లో వేసుకుని అదిరిపడ్డాను. అచ్చంగా మన కొబ్బరి లౌజు. దేశం దాటి, సముద్రం దాటి, డాన్సు హాల్లో మా అమ్మ చేతి వంట తగలడం ఏమిటో అర్థం కాలేదు. అలాంటివి మనిషిని మెత్తబరుస్తాయి. రెండోది తినలేదు.

ఇంతలో డెబ్బై ఏళ్ల క్యూబా ముసలావిడ, పేరు కార్మెన్, వచ్చి నా ముందు చెయ్యి చాపింది. ఎవరడిగినా కాదనకూడదు! మోకాలు నొప్పని అబద్ధం చెప్పాను. ఆవిడ వంగి నా మోకాలు వేళ్లతో నొక్కి చూసి, ఏ మందు రాయాలో స్పానిష్‌లో చాలాసేపు చెప్పి వెళ్లింది.

తొమ్మిదిన్నర దాటాక డైరీ మూసేశాను. ఇది కూడా ఉద్యోగం నేర్పిన అలవాటే. మద్రాసు నుంచి వచ్చేటప్పుడు తెనాలి దాటిందంటే చార్టు మూసేస్తాం. ఇంక ఎక్కేవాళ్లుండరు. సంచి సర్దుకుని, కృష్ణ బ్రిడ్జి వచ్చేసరికి దిగిపోవడానికి తలుపు దగ్గర నిలబడతాం. అలాగే కోటు వేసుకుని కిందికి దిగి కారు పక్కన నిలబడ్డాను. పదింటికి సుగుణ వచ్చింది. దాని ముఖం ఎర్రగా ఉంది.

న్యూయార్క్: అడిగేవాడు లేని రైలు

మంగళవారం సుగుణకి సెలవు. న్యూయార్క్ చూపించింది. ఎత్తైన మేడలు అందరూ చూసినవే. నన్ను కలవరపెట్టింది మాత్రం భూమి కింద రైలు. ఒక బిళ్ల వేస్తే ఇనప చక్రం తిరిగి లోపలికి పంపుతుంది. అంతే. ఆ తర్వాత ఊరు ఈ చివర నుంచి ఆ చివరికి తిరుగు, నిన్ను అడిగే నాథుడు లేడు. నా కళ్లముందే సూటు వేసుకున్న పెద్దమనిషొకడు ఇనప చక్రం మీదుగా దూకాడు. నా చెయ్యి దానంతటదే వెళ్లి అతని జబ్బ పట్టుకుంది. "టికెట్!" అన్నాను. అతను నన్ను కిందికీ మీదికీ చూసి, చెయ్యి విడిపించుకుని, "హావ్ ఎ నైస్ డే" అని వెళ్లిపోయాడు. సుగుణ నవ్వలేక గోడ పట్టుకుంది.

ఆ రోజే కరిగిన మంచు నీళ్లలో నా కుడి బూటు అడుగు ఊడింది. చీరాలలో ప్రత్యేకం అమెరికా కోసమని కొన్న జోడు. ఇంటికొచ్చేదాకా కప్ప నోరు తెరిచినట్టు టపటపలాడుతూనే ఉంది.

రెండో గురువారం: ఆరె

వేరే బూట్లు లేవు. టపటపలాడిస్తూనే హాలు మెట్లెక్కాను. ముద్ర వేసిన ఒస్మార్ నా కాలు వంక చూసి, తన పక్కన స్టూలు లాగి కూర్చోమన్నాడు. బల్ల కింద నుంచి రేకుపెట్టె తీశాడు. మూత తెరవగానే నా గుండె ఝల్లుమంది. తోలుకి బెజ్జం వేసే ఆరె, వంపు కత్తి, మైనం ముద్ద, దారపుండ. పగలు ఆయనకి ఇక్కడే చెప్పుల దుకాణం ఉందట. గురువారాలు డాన్సు వాళ్ల జోళ్లు ఏవైనా తెగితే అప్పటికప్పుడు ఇలా కుట్టిపెడతాడట. సుగుణ జోడు అడుగున నేను మెచ్చుకున్న కుట్టు ఎవరిదో అప్పుడర్థమైంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నేను ఎవరికీ చెప్పని సంగతి. మా తాత పేతురు నరసరావుపేట దగ్గర ఒక పల్లెలో చెప్పులు కుట్టేవాడు. మా నాన్న మిషన్ బళ్లో చదువుకుని టీచరయ్యాడు. నేను రైల్వేలో చేరిన రోజు నుంచి ఎవరడిగినా "మా నాన్న టీచరండీ" అని అక్కడితో ఆపేశాను. రైల్వే క్వార్టర్లలో తాత సంగతి తెలిస్తే కుళాయి దగ్గర చూపులు మారతాయి. మారడం వేరేవాళ్ల విషయంలో చూశాను. నాకు అందరి మీదా అనుమానం ఎందుకంటే, ఎవడు ఎప్పుడు నన్ను పట్టుకుంటాడోనన్న భయం ఒకటి లోపల ఉండేది.

ఒస్మార్ ఆరెతో బెజ్జాలు వేస్తూ మధ్యలో కొత్త దారం తెంపి పక్కన పెట్టాడు. నేను ఆలోచించలేదు. ఆ దారం తీసుకుని మైనం పట్టించి, తొడ మీద పేని, కొస సన్నం చేసి ఆయనకి అందించాను. చిన్నప్పుడు తాత దగ్గర కూర్చుని రోజుకి ఇరవై దారాలు అలా చేసిన చెయ్యి. ఒస్మార్ దారం చూశాడు. నా చెయ్యి చూశాడు.

"మీ ఇంట్లో ఈ పని చేసినవాళ్లు ఉన్నారా సార్?"

"లేరు. మా నాన్న స్కూల్ టీచర్" అన్నాను.

"టీచర్. మంచిది" అని తలూపి, మళ్లీ కుట్టుకోసాగాడు. డబ్బిస్తే తీసుకోలేదు.

ఆ రాత్రి చార్టులో తాటిచెట్టు గడిలో మూడు టిక్కులు పడ్డాయి. దొంగ దొరికాడనుకున్నాను. ఎప్పట్లాగే తొమ్మిదిన్నరకి డైరీ మూసి, గట్టిపడ్డ బూటుతో కిందికి దిగిపోయాను.

మూడో గురువారం: ఆఖరి పాట

ఈసారి తాటిచెట్టు గడిలో ఒక్క టిక్కే. ఎర్రచొక్కా రెండు. బట్టతల రెండు. చార్టు ఎటూ తేలలేదు. కార్మెన్ వచ్చి మోకాలు ఎలా ఉందని అడిగింది. విసుగ్గా లేచి కోటు వేసుకుని కిందికి దిగాను. కారు దగ్గరికి వెళ్లాక జేబు తడుముకుంటే డైరీ లేదు. కుర్చీ మీదే వదిలేశాను. అందులో మా చెల్లెలు ఎవరితో ఎన్ని పాటలు తిరిగిందో మూడు వారాల లెక్క ఉంది. ఎవరి కంట పడినా పరువు పోతుంది. మెట్లు రెండేసి ఎక్కాను.

గుమ్మంలో మనిషి లేడు. బల్ల మీద పెట్టెకి తాళం, ముద్ర దాని పక్కన, కుర్చీ లోపలికి తోసి ఉంది. కాపలా లేని గేటంటే నాకు పడదు. ఈ మనిషి కూడా ఇంతేనా అనుకుంటూ లోపలికి చూశాను.

ఆఖరి పాట నడుస్తోంది. నెమ్మది పాట. లైట్లు తగ్గించలేదు, దాచడానికేమీ లేదు. అందరూ జంటలు జంటలుగా ఉన్నారు, కానీ మారడం లేదు. ఆఖరి పాట మాత్రం ఎవరి మనిషితో వాళ్లే చేస్తారని తర్వాత తెలిసింది. హాలు మధ్యలో సుగుణ, ఒస్మార్. ఆయన పెద్ద డాన్సరేమీ కాదు. రెండడుగులు ఇటు, రెండడుగులు అటు. మాట్లాడుకోవడం లేదు. సుగుణ కళ్లు మూసుకుని ఉంది. ప్రకాశం పోయినప్పటి నుంచి దాని భుజాలు ఎప్పుడూ బిగుసుకుని ఉండేవి. ఇండియా వచ్చినప్పుడు కూడా అలాగే ఉండేది. ఆ భుజాలు ఇప్పుడు కిందికి దిగి ఉన్నాయి.

కుర్చీ మీది డైరీ తీసుకుని బయటికొచ్చాను. నాకు మంట పుట్టింది. హాలంతా అనుమానించి, నమ్మిన ఒక్కడి దగ్గరే మోసపోయాను.

కారు న్యూఆర్క్ దాటింది. తర్వాత నేనే అన్నాను. "ఎన్నాళ్ల నుంచి?"

"రెండేళ్లన్నయ్యా. ఆయన భార్య పోయి పన్నెండేళ్లు. పెళ్లి చేసుకుందామనుకుంటున్నాం."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పడానికేగా టికెట్టు పంపించా. ఉత్తరంలో రాస్తే నువ్వక్కడ కూర్చుని ఇంకో మనిషిని ఊహించుకుంటావు. ముందు మనిషిని చూడాలి, నా మాట వినకుండా నీ అంతట నువ్వే చూడాలి. నీకు నచ్చాడు కూడా. ఇంటికొచ్చి రెండు రోజులు ఆయన ముద్ర వేసే పద్ధతే చెప్పావు."

"చెప్పులు కుట్టేవాడు, సుగుణా!"

"షూ రిపేర్ షాపు. సొంత షాపు."

"పేరేదైతేనేం? అందులోంచి బయటపడ్డానికి మనకి మూడు తరాలు పట్టింది. నువ్వు విమానమెక్కి మళ్లీ అక్కడికే పోతానంటున్నావు."

అది కారు పక్కకి తీసి ఆపేసింది. నా వైపు తిరిగింది. "తాత కుట్టిన జోడు వేసుకునే నాన్న ట్రైనింగ్ స్కూలుకెళ్లాడు. ఆ మాట నాన్న అందరికీ చెప్పేవాడు. చెప్పంది నువ్వొక్కడివే. ఇదిగో విను, అన్నయ్యా. అమ్మా నాన్నా లేరు. నువ్వు లేని పెళ్లి నాకొద్దు. నువ్వు కాదంటే చేసుకోను. కానీ నీ వెంట ఇండియాకి రాను, గురువారాలు మానను."

నేను ఒక్కటే అడిగాను. "ఆయనకి తాత సంగతి చెప్పావా?"

"మొదటి ఏడాదే చెప్పా. పేతురు తాత పేరుతో సహా తెలుసు."

కారు మళ్లీ బయల్దేరింది. నాకింకేమీ వినబడలేదు. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడంటారు. నేను దారం పేనుతున్నప్పుడు ఆయనకి తెలుసు. నేను అబద్ధమాడుతున్నప్పుడూ తెలుసు. ముప్పై ఒక్క ఏళ్లు టికెట్టు లేనివాళ్లను బోగీ మధ్యలో నలుగురి ముందు నిలబెట్టి అడిగాను. నేను టికెట్టు లేకుండా దొరికితే, ఆ మనిషి తలూపి వదిలేశాడు. ఆ రాత్రి సిగ్గుతో నిద్రపట్టలేదు.

శనివారం, దుకాణంలో

సుగుణ డ్యూటీలో ఉండగా బస్సెక్కి న్యూఆర్క్ వెళ్లాను. ఒక్క గది దుకాణం. తలుపు తీయగానే తోలు, జిగురు, మైనం కలిసిన వాసన. నేను జీవితమంతా ఏ వాసన నుంచి పరుగెత్తానో అదే వాసన. గోడ మీద మరియమ్మ పటం. కేథలిక్కు కూడానా, రత్నానికి ఇంకో కారణం దొరికింది అనుకున్నాను.

ఒస్మార్ లేచి నిలబడ్డాడు. నేను కూర్చోకుండానే చెప్పాను, ఆలస్యం చేస్తే చెప్పలేనని.

"మా తాత చెప్పులు కుట్టేవాడు. పేరు పేతురు. ఆ రోజు నేను అబద్ధం చెప్పాను."

"నాకు తెలుసు సార్."

"తెలిసి ఎందుకు ఊరుకున్నారు?"

ఆయన కళ్లద్దాలు తీసి చొక్కాకి తుడుచుకున్నాడు. "అది మీ మాట. మీకు చెప్పాలనిపించినప్పుడు చెప్తారు. గుమ్మం దగ్గర నేను అడిగేది ప్రవేశ రుసుం ఒక్కటే."

నాకు ఏడుపొచ్చింది. ఆయన చూడనట్టు వెనక గదిలోకి వెళ్లి కాఫీ పెట్టుకొచ్చాడు. మన డికాషన్ అంత చిక్కగా, దండిగా పంచదార వేసి. మధ్యాహ్నం దాకా అక్కడే ఉన్నాను. ఏడు దారాలు పేనిచ్చాను. నాలుగోదానికి వేళ్లకి పాత పట్టు దొరికింది. ఆయన వాళ్ల నాన్న దగ్గర నేర్చుకున్నాడట, ఆ నాన్న తన నాన్న దగ్గర. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆయన గొంతు తగ్గలేదు. అది నేను గమనించాను.

మర్నాడు ప్రార్థనయ్యాక బెంజమిన్ గారు గ్యారేజీ వైపు కళ్లతో సైగ చేశారు. నేను నడవాలోనే నిలబడ్డాను.

"ఏం తేలిందన్నగారూ? ఒక మనిషంటూ ఉన్నాడా?"

"ఉన్నాడండీ. ఇంకొక్క చెకింగ్ మిగిలింది" అన్నాను.

నాలుగో గురువారం

తర్వాతి సంగతులు ముందే చెప్పేస్తాను. రత్నం వారం రోజులు నాతో మాట్లాడలేదు, తర్వాత మాట్లాడింది. ఆడపడుచు పెళ్లికని మంగళగిరి చీర పార్సిలు కట్టింది. పార్సిప్పనీలో మూడు ఆదివారాలు పెళ్లి ప్రకటన చదివి, అభ్యంతరం ఉన్నవాళ్లెవరైనా ఉంటే లేచి చెప్పమన్నారట. ఎవరూ లేవలేదని బెంజమిన్ గారే రాశారు. నా కుడి బూటు అడుగు ఇప్పటికీ ఊడలేదు. ఎడమదే ఊడింది. చీరాలలో కుట్టించుకున్నాను. కుట్టినతనికి మా తాత సంగతి చెప్పాను. అతను ఒక్క క్షణం తలెత్తి చూసి, కూర్చోవడానికి పీట జరిపాడు.

నా ప్రయాణానికి ముందు రోజు గురువారమే. సుగుణ హాస్పిటల్ నుంచి నేరుగా వస్తానంది. నేను ముందే బస్సులో వెళ్లి ఆరున్నరకి మెట్లెక్కాను. ఒస్మార్ బల్ల సర్దుతున్నాడు. "ఇన్నేళ్లలో మొదటి పాట ఎప్పుడైనా చేశారా?" అనడిగాను. లేదన్నాడు. గుమ్మం ఎవరు చూస్తారు అన్నాడు.

"లేవండి. ఈ పని నాకు తెలుసు" అన్నాను.

ఆయన లేచాడు. నేను కూర్చున్నాను. రిటైరయ్యాక మళ్లీ అలాంటి కుర్చీలో కూర్చోవడం అదే మొదలు. తాటిచెట్టు వచ్చాడు, వేశాను. ఎర్రచొక్కా ఆ రోజు తెల్లచొక్కాలో వచ్చాడు, వేశాను. ఎవరి ముఖం వంకా అనుమానంగా చూడలేదంటే అబద్ధం. తక్కువ చూశాను. కార్మెన్ చెయ్యి చాపి, మరో చేత్తో మోకాలు చూపించి, ఎలా ఉందని కళ్లెగరేసింది. తగ్గిపోయిందన్నాను.

ఏడింటికి సుగుణ వచ్చింది. బల్ల వెనక నన్ను చూసి మెట్టు మీదే ఆగిపోయింది. నల్లజోడు సంచి చంకలో ఇరికించుకుని ఎడమ చెయ్యి చాపింది. చిలకను జాగ్రత్తగా, పక్కకి జరగకుండా వేశాను.

దాని వెనక ఒస్మార్ నిలబడి ఉన్నాడు. ఇన్నేళ్లూ అందరికీ వేసినవాడే గానీ ఆయన చేతికి ఎవరూ వేయలేదు. నా ముందు చెయ్యి చాపాడు. చాపి, నా ముఖంలోకి చూస్తూ ఎదురుచూశాడు.

"లోపలికి వచ్చేవాళ్లందరికీ ముద్ర ఉంటుంది బావగారూ" అని తెలుగులోనే అన్నాను. సుగుణ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆయన చేతి మీద, ఆరె పట్టి కాయలు కాసిన వేళ్లకి పైన, చిలకను వేశాను.

డైరీ ఆ రోజు ఇంట్లోనే వదిలేశాను. మొదటి పాట మొదలైంది. తొమ్మిదిన్నర దాటింది, తెనాలి దాటింది, కృష్ణ బ్రిడ్జి దాటింది. ఆఖరి పాట అయ్యేదాకా నేను ఆ కుర్చీలోంచి లేవలేదు.